మేము కులం అడగమమ్మా: రెండు దేశాల ఛాంబర్‌లో లెక్కకు రాని పక్షం

కిందటి చలికాలం హైదరాబాద్‌లోని ఒక పెద్ద హోటల్లో జరిగిన సమావేశానికి నోట్సు రాసే పని మీద వెళ్లాను. మన దేశానికీ ఒక ఐరోపా దేశానికీ మధ్య వ్యాపారం పెంచే ఛాంబర్ ఆఫ్ కామర్స్ వాళ్లది. ఫెలోషిప్ నెలల తరబడి రాకపోతే పరిశోధక విద్యార్థులం ఇలాంటి పనులు ఒప్పుకుంటూనే ఉంటాం. హాలు బయట ఎగుమతిదారులు బల్లలు వేసి మిరపకాయలు, మందుల పెట్టెలు, నూలు కండెలు పెట్టారు. చివరి బల్ల మీద అద్దంలా మెరిసే నల్లరాతి పలక ఒకటి ఉంది. నలుపు మీద బంగారు రంగు చుక్కలు. కింద చిన్న అట్ట మీద 'బ్లాక్ గెలాక్సీ, ఇండియా' అని రాసి ఉంది.

ఆ రాయి చీమకుర్తిది. ప్రకాశం జిల్లా వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఒంగోలు నుంచి బస్సెక్కితే గంటలోపే ఆ గోతులు కనిపిస్తాయి. మా మాదిగపల్లె అక్కడికి సైకిల్ దూరం. మా మేనమామ ఆ రాతిలో పద్నాలుగేళ్లు డ్రిల్లు పట్టాడు. ఇప్పుడు నాలుగు మెట్లు ఎక్కితే ఆగి గోడ పట్టుకుంటాడు. మొదట టీబీ అన్నారు, ఆరు నెలలు మందులు మింగించారు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో రాయై కూర్చుందని చెప్పిన డాక్టరు దొరికేసరికి క్వారీలో ఆయన పేరున్న కాగితం ఒక్కటీ లేదు. ఉండదు కూడా. మేస్త్రీ పిలిస్తే వెళ్లాడు, మేస్త్రీ చేతుల మీదుగా కూలి తీసుకున్నాడు.

ప్రశ్నల సమయంలో చెయ్యెత్తాను. నోట్సు రాయడానికి వచ్చినవాళ్లు అడగకూడదేమో, తెలియదు. మీ సప్లయర్ల దగ్గర ఏ పని ఏ కులం వాళ్లు చేస్తున్నారో ఛాంబర్ దగ్గర లెక్క ఏమైనా ఉందా అని అడిగాను. వేదిక మీది పెద్దమనిషి నవ్వి, "మా పరిశ్రమలో మేము కులం అడగమమ్మా" అన్నారు. పక్కనున్న విదేశీ ప్రతినిధికి ఎవరో చెవిలో చెప్పారు, ఆయన సంతృప్తిగా తలూపారు. తర్వాతి ప్రశ్న కంటెయినర్ కిరాయిల మీద.

'అడగం' అనే ఆ మాట గురించే ఈ వ్యాసం. అది మంచితనంగా చలామణి అవుతోంది. నిజానికి మా మామను కూడా క్వారీలో ఎవరూ కులం అడగలేదు. "ఏ ఊరు?" అని అడిగారు. చెప్పాక, "ఊళ్లోనా, పల్లెలోనా?" అన్నారు. అక్కడితో సరిపోయింది. డ్రిల్లు, దుమ్ము, పేలుడు మందు కూరే పని పల్లెకు. బండరాయిని నలుచదరంగా చెక్కే పని ఎక్కువగా వడ్డెర వాళ్లకు, ఆ తర్వాత ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన వలస కూలీలకు. కాటా దగ్గర కూర్చుని బరువు రాసే పని, షెడ్డులో ఫ్యాను కింద రిజిస్టరు పని, బ్లాకుల మీద మార్కు వేయించే పని ఊళ్లోవాళ్లకు. లీజు ఎవరిదో చెప్పక్కర్లేదు. నేను చూసిన క్వారీల సంగతి ఇది. జిల్లా మొత్తానికి లెక్క తీసినవాళ్లు ఎవరైనా ఉంటే ముందుగా సంతోషించేది నేనే.

ఇలాంటి ద్వైపాక్షిక ఛాంబర్లు మన దేశంలో చాలా ఉన్నాయి. వాటిలో పేరున్నది ఇండో-జర్మన్ ఛాంబర్. 1956లో ముంబై కేంద్రంగా మొదలైంది. జర్మనీ లోపల ప్రతి కంపెనీ తన ప్రాంతపు ఛాంబర్‌లో సభ్యురాలు కావడం చట్టపరమైన బాధ్యత. విదేశాల్లోని జర్మన్ ఛాంబర్లలో మాత్రం సభ్యత్వం ఐచ్ఛికం, వాటికి ఖర్చుల్లో కొంత జర్మన్ ప్రభుత్వం ఇస్తుంది. కొనేవాడికి అమ్మేవాడిని వెతికిపెట్టడం, ప్రతినిధి బృందాలను తిప్పడం, ఎగ్జిబిషన్లలో స్టాళ్లు ఇప్పించడం, చట్టాల మీద సలహా చెప్పడం వీళ్ల పని. ఈ పనిని తక్కువ చేసి మాట్లాడను. ఒంగోలులో చిన్న పాలిషింగ్ యూనిట్ పెట్టినవాడికి ఎక్కడో నూరెంబర్గ్‌లో ఉన్న కొనుగోలుదారుడు తనంతట తాను దొరకడు. ఇండియా, జర్మనీల మధ్య వ్యాపారం ఇటీవలి ఏళ్లలో ఏటా సుమారు 3,000 కోట్ల యూరోలకు చేరిందంటే అందులో ఇలాంటి వాళ్ల చెమటా కొంత ఉంది.

కానీ ఆ లెక్కలో పక్షాలు రెండే: ఇండియా, జర్మనీ. 'ఇండియాకు లాభం' అన్నప్పుడు ఆ ఇండియా ఎవరు?

ఈ ప్రశ్న వందేళ్ల కిందట బాబాసాహెబ్ వేసినదే. 1923లో లండన్‌లో అచ్చయిన 'ప్రాబ్లమ్ ఆఫ్ ది రూపీ'ని మనవాళ్లు రిజర్వు బ్యాంకు కథ చెప్పేటప్పుడే తలుచుకుంటారు. అందులో ఎగుమతుల మీద ఆయన నడిపిన వాదన చదవాలి. రూపాయి విలువ పడిపోతే ఎగుమతిదారుడికి లాభం, కాబట్టి దేశానికి లాభం అని అప్పటి వాదన. ఆ లాభం బయటి దేశం నుంచి రాలేదని అంబేద్కర్ చూపించారు. ధరలు పెరిగినంత వేగంగా కూలి పెరగలేదు. ఆ తేడా కూలివాడి పొట్టలోంచి వ్యాపారి జేబులోకి పోయింది. అది దేశం సంపాదించినది కాదు, దేశం లోపల ఒక వర్గం ఇంకో వర్గం దగ్గర తీసుకున్నది. 1925 చివర్లో హిల్టన్ యంగ్ కమిషన్ ముందు సాక్ష్యం చెప్పినప్పుడూ మారకపు రేటును ఆయన వర్గాల ప్రశ్నగానే చూశారు. అదే కమిషన్‌లో సభ్యుడైన పురుషోత్తమదాస్ ఠాకూర్‌దాస్ రూపాయికి 1 షిల్లింగ్ 4 పెన్స్ తక్కువ రేటే కావాలని అసమ్మతి పత్రం రాశారు. 1927లో జి.డి. బిర్లాతో కలిసి ఫిక్కిని నిలబెట్టింది ఆయనే. వ్యాపార సంఘాలు తమ లాభాన్ని దేశపు లాభంగా చెప్పడం, దానికి ఒక అంబేద్కర్ అడ్డు తగలడం, రెండూ ఒకే కాలంలో మొదలయ్యాయి. మన అర్థశాస్త్ర సిలబస్‌లో మొదటిది ఉంటుంది.

వర్గం అన్న చోట కులం అని కూడా చదవాలి. 2012లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చిన అధ్యయనం ఒకటి మన దేశపు 1,000 పెద్ద కంపెనీల బోర్డులు చూసింది. డైరెక్టర్లలో దాదాపు 93 శాతం అగ్రకులాల వాళ్లు. ఎస్సీ, ఎస్టీలు కలిపి 3.5 శాతం. ఛాంబర్ల టేబుళ్ల చుట్టూ కూర్చునేది ఈ బోర్డుల నుంచి వచ్చినవాళ్లే. కులం అడగని చోట ఇన్ని కుర్చీలు ఒకే వైపు ఎలా చేరాయో వాళ్లు వివరించాలి, మనం కాదు.

మరి ఐరోపా వాళ్లు ఏమీ అడగలేదా? అడిగారు. సమాధుల మీద నిలబెట్టే రాయిలో చాలా భాగం ఇండియా నుంచి వస్తోందని, క్వారీల్లో పిల్లలు పనిచేస్తున్నారని అక్కడి స్వచ్ఛంద సంస్థలు గొడవ చేశాయి. బవేరియా, నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియా లాంటి రాష్ట్రాలు బాలకార్మికుల చేతి రాయిని శ్మశానాల్లో పెట్టనివ్వకుండా చట్టాలు మార్చుకున్నాయి. 2017లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక గ్రానైటు క్వారీల మీద 'డార్క్ సైట్స్ ఆఫ్ గ్రానైట్' అనే నివేదిక వచ్చింది. అడ్వాన్సు అప్పుల్లో చిక్కిన కూలీలు, రక్షణ లేని పని, అన్నీ అందులో ఉన్నాయి. ఇవి మంచి పనులు. అయితే ఒక మాట చెప్పాలి. పిల్లవాడిని చూడగానే ఐరోపా మనసు కరుగుతుంది. అదే పిల్లవాడు పద్దెనిమిదేళ్లు దాటి డ్రిల్లు పడితే సర్టిఫికెట్ వచ్చేస్తుంది. వాడి తండ్రి, తాత అదే గోతిలో ఎందుకున్నారన్న ప్రశ్న ఆ ఫారంలో లేదు.

ఆ గడి ఇప్పుడు చట్టంలో ఉంది, నింపేవాళ్లు లేరు. జర్మనీ సరఫరా గొలుసుల చట్టం 2023 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. మొదట 3,000 మందికి పైగా ఉద్యోగులున్న కంపెనీలకు, 2024 నుంచి 1,000 మందికి పైగా ఉన్నవాటికి. తమకు సరుకు ఇచ్చేవాళ్ల దగ్గర మానవ హక్కుల ఉల్లంఘన జరిగే అవకాశం ఉందేమో కంపెనీ ముందే వెతకాలి, ఉంటే ఆపాలి. నిషేధించిన వాటిలో ఉద్యోగంలో వివక్ష ఉంది. ఏ ఏ కారణాల మీది వివక్ష అన్న జాబితాలో జాతి, మతం, లింగం పక్కన 'సామాజిక మూలం' అనే మాట ఉంది. ఈ మాట కొత్తది కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 111వ ఒడంబడికలో ఉన్నదే. దాన్ని ఇండియా 1960లోనే ఆమోదించింది. ఆ సంస్థ నిపుణుల కమిటీ కులాన్ని ఏళ్లుగా ఈ మాట కిందే చర్చిస్తోంది. కాబట్టి కులవివక్షను చూడటం జర్మన్ కంపెనీ మన మీద చేసే దయ కాదు, దాని చట్టబద్ధమైన పని.

మెలిక మరోచోట ఉంది. నేరుగా సరుకు ఇచ్చే సప్లయర్ దగ్గర కంపెనీ తప్పనిసరిగా వెతకాలి. అతనికి సరుకు ఇచ్చేవాడి దగ్గర, అంటే మన క్వారీ, మన తోళ్ల షెడ్డు ఉండే చోట, ఉల్లంఘన జరుగుతోందని ఆధారాలతో కూడిన సమాచారం అందితేనే కదలాలి. అందకపోతే తెలియదు. తెలియకపోతే బాధ్యత లేదు. 'మేము కులం అడగమమ్మా' అన్న నవ్వుకు ఇప్పుడు చట్టపరమైన విలువ కూడా వచ్చిందన్నమాట. అడగనంత కాలం అందరికీ క్షేమం.

ఈ చట్టాన్ని మరీ పెద్దది చేసి చూపడం లేదు. సమాధి రాళ్లు అమ్మే దుకాణాలు చిన్నవి, చట్టం వాటి దాకా రాదు. చీమకుర్తి బ్లాకు చైనా వెళ్లి అక్కడ పలకలై ఐరోపా చేరితే దాని జాడ పట్టడం ఇంకా కష్టం. ఆంబూరు, రాణిపేట తోలు, తిరుప్పూరు బట్టలు కొనే పెద్ద కంపెనీల దగ్గర ఇది ఎక్కువ పనికొస్తుంది. పైగా అక్కడి వ్యాపార సంఘాలు మొదటి నుంచీ దీన్ని భారమంటూనే ఉన్నాయి. 2025లో వచ్చిన సంకీర్ణ ప్రభుత్వం సడలింపు మొదలుపెట్టింది, ఏటా నివేదిక ఇవ్వాలన్న నిబంధన తీసేయాలన్నది అందులో మొదటి మాట. తలుపు పూర్తిగా మూయకముందే కాలు పెట్టాలి.

మన ఇంటి గొడవ విదేశీయుల ముందు పెట్టడమేమిటని అనేవాళ్లు ఉంటారు. 2001లో డర్బన్ జాత్యహంకార వ్యతిరేక సదస్సులో దళిత సంఘాలు కులం మాట ఎత్తితే మన ప్రభుత్వం అన్నది దాదాపు ఇదే. రాయి అమ్ముకోవడానికి సరిహద్దు లేదు, రాయి కొట్టినవాడి దగ్గుకు మాత్రం ఉంది. ఇంకో అభ్యంతరం మీద నాకు గౌరవం ఉంది: ప్రశ్నలు ఎక్కువైతే కొనేవాడు వేరే దేశం పోతాడు, ముందు పోయేది మన కూలే. మా మామ కూడా అదే అన్నాడు. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. వివక్ష కనబడగానే ఒప్పందం తెంచుకుని పోకుండా, ముందు దాన్ని సరిచేసే ప్రయత్నం చేయాలని ఆ చట్టమే చెబుతోంది, అంతవరకు చెప్పగలను.

దళిత పారిశ్రామికవేత్తలు ఛాంబర్లలోకి రావడం వేరే దారి. డిక్కి 2005 నుంచి ఆ పని చేస్తోంది. 2012 ప్రభుత్వ కొనుగోళ్ల విధానం ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమల దగ్గర 4 శాతం కొనాలంది. కేంద్ర సంస్థలు ఏళ్ల తరబడి ఆ గీత దరిదాపులకు రాలేదు. ద్వైపాక్షిక ఛాంబర్లకైతే అలాంటి గీతే లేదు. మనలో ఒకరు క్వారీ యజమాని అయితే నేను చప్పట్లు కొడతాను. కానీ డ్రిల్లు పట్టేవాడి లెక్క అప్పుడూ రాయాల్సిందే.

రాయాల్సింది మనమే అనుకుంటున్నాను. విశ్వవిద్యాలయాల్లో కులం మీద ఎన్ని థీసిస్‌లు వస్తున్నాయి! ఏ పని ఎవరిది, కూలి ఎంత, జబ్బు ఏమిటి, సరుకు ఏ రేవు నుంచి ఏ కంపెనీకి పోతోంది అని ఒక్క క్వారీకో, ఒక్క తోళ్ల షెడ్డుకో పట్టిక వేసిన థీసిస్ నాకు కనబడటం అరుదు. ఆ పట్టికకు కార్మికుల సంతకాలు తోడైతే అదే 'ఆధారాలతో కూడిన సమాచారం'. దాన్ని కంపెనీ ఫిర్యాదుల విభాగానికి పంపొచ్చు, చట్టం అమలు చూసే 'బాఫా' అనే జర్మన్ సమాఖ్య కార్యాలయానికీ పంపొచ్చు. ఛాంబర్‌కు ఒక ప్రతి పంపాలి, ఇకపై తెలియదనే వీలు లేకుండా. బాబాసాహెబ్ 1920ల మొదట్లో బాన్ విశ్వవిద్యాలయంలో పేరు నమోదు చేసుకున్నారు, జర్మన్ నేర్చుకున్నారు. మన పిల్లలు ఇప్పుడు జర్మనీలో వందల మంది చదువుతున్నారు. అనువాదానికి కొదవ లేదు.

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మామ దగ్గర నోటుబుక్కు తీసుకుని కూర్చున్నాను. మొదట విసుక్కున్నాడు. తర్వాత ఒక్కొక్కరి పేరు, చేసిన పని, ఏ పల్లె, ఎన్నేళ్లు అని తనే చెప్పుకుంటూ పోయాడు. మధ్యలో ఒక పేరు దగ్గర ఆగాడు.

"పాపా, చచ్చిపోయినోళ్లవి కూడా రాస్తావా?"

"రాస్తాను మామా, చెప్పు."