గ్రాముల కుర్చీ - మా నాయన మోకాళ్ళు

బండి మీద తీసుకెళ్ళే మడత కుర్చీ కొనాలంటే మన ఐటీ జనాలు మొట్టమొదట అడిగే ప్రశ్న "ఎన్ని గ్రాములు?" అని. నేనూ అదే అడిగాను. ఆ ప్రశ్నే తప్పని తెలుసుకోవడానికి నాకు ఆరు వేల రూపాయలు, మా నాయనకు కాస్త పరువు ఖర్చయ్యాయి.

మాది తిరుపతి. ఉద్యోగం బెంగుళూరులో. వీలైనప్పుడల్లా శనివారం తెల్లారుజామున బయల్దేరి పలమనేరు, మొగిలి ఘాటు, చిత్తూరు మీదుగా ఇంటికొచ్చేస్తుంటాను. మా నాయన ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. చాలా ఏళ్ళు తిరుపతి - మదనపల్లె సర్వీసు. భాకరాపేట ఘాటులో ఏ మలుపులో ఏ గేరు వెయ్యాలో నిద్రలో లేపి అడిగినా ఇప్పటికీ చెబుతాడు. రిటైరయ్యాక మళ్ళీ ఆ రోడ్డు మొహం చూడలేదు. మోకాళ్ళు రెండూ అరిగాయి. పోనీ కారులో తీసుకెళ్తానంటే రాడు. పక్క సీట్లో కూర్చుని ఇంకొకడు తోలుతుంటే చూడటం ఆయన వల్ల కాదు, కాళ్ళు వాటంతటవే బ్రేకు వెతుక్కుంటాయి :) బండి వెనకైతే సరే అన్నాడు. నా మీటియర్ 350 సీటు ఎత్తు తక్కువ, వెనక్కి వీపు ఆనించుకోవడానికి దిండు కూడా ఉంది. షరతల్లా ఒక్కటే. ముప్పై నలభై కిలోమీటర్లకోసారి దిగి, కాళ్ళు చాపుకుని ఓ పది నిమిషాలు కూర్చోవాలి.

ఇంకేం, కుర్చీ వేటలో పడ్డాను. మనమేమో ఇంజనీర్లమాయె. ఎక్సెల్ షీటు తెరిచి పదిహేను మోడళ్ళు ఎక్కించాను. బరువు, మడిచాక పొడవు, ఎంత బరువు మోస్తుంది, ధర, ఎన్ని నక్షత్రాలు... అన్నీ పెట్టాను. అందులో కూర్చోబోయే మనిషికి మాత్రం ఒక్క కాలమ్ కూడా లేదు. అప్పుడది తట్టలేదు.

గెలిచింది గొట్టాల కుర్చీ. లోపల సాగే తాడున్న అల్యూమినియం గొట్టాలు, వాటిని కలిపే ప్లాస్టిక్ ముక్క ఒకటి, పైన నాలుగు మూలలా జేబులు కుట్టిన గుడ్డ. కొరియా వాళ్ళ హెలినాక్స్ చైర్ వన్ ఈ జాతికంతటికీ పెద్దన్న. కేజీ లోపే బరువు, మడిస్తే మూర కంటే తక్కువ పొడవు. మనకు ఆన్‌లైన్లో దొరికేవాటిలో చాలావరకు దాని తమ్ముళ్ళే. నేను కొన్నదీ అలాంటి ఒక తమ్ముడినే.

మొదటి ట్రిప్పు హార్స్‌లీ హిల్స్ అనుకున్నాం. పీలేరు దాటాక ఒక చెరువు కట్ట పక్కన, చింతచెట్టు నీడలో ఆపాను. రెండు నిమిషాల్లో కుర్చీ బిగించి తెగ గర్వంగా ముందు పెట్టాను. నాయన చుట్టూ తిరిగి చూసి "ఇది కుర్చీనా, గుంతనా రా?" అన్నాడు. అని కూర్చున్నాడు. అంతకు ముందు వారం వాన పడి నేల మెత్తగా ఉందేమో, వెనక కాళ్ళు రెండూ జానెడు దిగిపోయాయి. మోకాళ్ళు గుండెల దాకా వచ్చాయి. సరే, పది నిమిషాలు బాగానే గడిచింది. లేవాలి కదా. ఒకసారి ప్రయత్నించాడు, రెండోసారి, మూడోసారి. ఊతం తీసుకుందామంటే దానికి చేతులు లేవు. నేను రెండు చేతులూ పట్టుకుని లాగితే మనిషితో పాటు కుర్చీ కూడా వస్తోంది. పక్కన మేకలు తోలుకుంటున్నాయన ఒకాయన పరుగెత్తుకొచ్చి వెనక నుంచి ఎత్తి నిలబెట్టాడు.

నాయన ఏమీ అనలేదు. ప్యాంటు దులుపుకుని "ఇంటికి పోదాం పద" అన్నాడు. ఇరవై ఏళ్ళకు పైగా యాభై అరవై మందిని వెనకేసుకుని ఘాటెక్కిన మనిషి. ఆ తర్వాత మూడు నెలలు బండెక్కమంటే ఏదో ఒక పని చెప్పి తప్పించుకున్నాడు.

తర్వాత టేపు పెట్టి కొలిచాను. ఆ కుర్చీ సీటు నేల నుంచి 33 సెంటీమీటర్లు. అదీ గట్టి నేల మీద, ఎవరూ కూర్చోనప్పుడు. గుడ్డ కుంగాక ఇంకా తక్కువ. నాయన మోకాలు వెనక మడత దగ్గర్నుంచి మడమ దాకా 44. పెద్దవాళ్ళ కాళ్ళ బలం చూడటానికి డాక్టర్లు ఒక పరీక్ష పెడతారు: 30 సెకన్లలో, చేతులు ఆనించకుండా, కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో లెక్కపెడతారు. దానికి వాడే కుర్చీ ఎత్తు 17 అంగుళాలు, అంటే 43 సెంటీమీటర్లు. మన పెళ్ళిళ్ళలో వేసే ప్లాస్టిక్ కుర్చీ కూడా అటూ ఇటుగా అంతే. సీటు ఎంత కిందికి పోతే లేచేటప్పుడు మోకాలి మీద అంత భారం పడుతుంది. ఇది ఇంజనీరింగు మొదటి ఏడాది మెకానిక్స్. నాకు మార్కులు కూడా బాగానే వచ్చాయి అందులో, ఏం లాభం!

ఇక గ్రాముల సంగతి. ఈ గ్రాముల పిచ్చి నడిచి కొండలెక్కేవాళ్ళది. వాళ్ళకు అది న్యాయమే, మోసేది వీపు కాబట్టి. మనం వాళ్ళ రివ్యూలు చదివి వాళ్ళ జబ్బు అంటించుకున్నాం. నా బండి 191 కేజీలు. 15 లీటర్ల ట్యాంకు నింపితే పెట్రోలే పదకొండు కేజీలు. కుర్చీలో అరకేజీ మిగిల్చానని సంబరపడితే, అది లీటరు పెట్రోలు కూడా కాదు. తిరుపతి నుంచి పీలేరు చేరేలోపే అంతకంటే ఎక్కువ కాలిపోతుంది. బండికి అసలు ఇబ్బంది బరువుతో కాదు, పొడవుతో. అందులోనూ వెనక మనిషి కూర్చుంటే సామాను కట్టడానికి సీటే ఉండదు. పక్క సంచుల్లో పట్టిందే సామాను. నా సంచిలో 40 సెంటీమీటర్లు దాటితే జిప్పు పడదు. కాబట్టి నా లెక్క ఇప్పుడు రెండే అంకెలు: సీటు ఎత్తు 42 దాటాలి, మడిచాక 40 దాటకూడదు. బరువు రెండు కేజీలైనా నాకు అభ్యంతరం లేదు.

నిజానికి మడత కుర్చీ మనకు కొత్తదేం కాదు. 19వ శతాబ్దం చివర్లో రూర్కీ పేరు మీద ఒక కుర్చీ పుట్టింది, బ్రిటిష్ ఇండియా సైన్యంలో ఇంజనీర్ల కోసం. కర్ర, కాన్వాసు, తోలు బెల్టులు. బిగుసుకుపోయిన కీళ్ళు లేవు కాబట్టి ఏ కాలికాకాలు కాస్త కదిలి, గతుకుల నేల మీద కూడా నాలుగూ ఆనుకుంటాయి. డెన్మార్క్ డిజైనర్ కోర్ క్లింట్ 1933లో చేసిన సఫారీ కుర్చీకి మూలం ఇదే. అమెరికాలో దూరాలు తిరిగే బైకర్లు తెగ మెచ్చుకునే కెర్మిట్ కుర్చీ కూడా ఇదే వంశం: ఓక్ కర్ర, నైలాన్ గుడ్డ, దాదాపు రెండున్నర కేజీలు. బైకర్లే రెండున్నర కేజీలు మోస్తున్నారు చూడండి! ఇంకో సంగతేమిటంటే, ఆ కుర్చీ ఎత్తు చాలనివాళ్ళ కోసం కాళ్ళకు పొడిగింపులు విడిగా అమ్ముతారు. అంటే ఈ బాధ మా నాయన ఒక్కడిదే కాదన్నమాట.

మధ్యలో ఒక మిత్రుడి దగ్గర పెద్ద మడత కుర్చీ అడిగి తెచ్చాను. గొడుగులా ముడుచుకుని పొడుగాటి సంచిలో దూరుతుంది, చేతులున్నాయి, ఎత్తూ సరిపోతుంది. కానీ మడిస్తే మీటరుకు కాస్త తక్కువ. దాన్ని వెనక అడ్డంగా కట్టుకుని ఒంటరిగా భాకరాపేట వైపు ట్రయల్‌కి వెళ్ళాను. శేషాచలం అడవి రోడ్డు, బండి వెనక గుండ్రంగా పొడుగ్గా ఒక మూట... మీకు అర్థమయ్యే ఉంటుంది. తనిఖీ దగ్గర ఆపి "ఏముంది దాంట్లో?" అన్నారు. కుర్చీ అంటే నమ్మలేదు. రోడ్డు పక్కన విప్పి, వేసి, కూర్చుని చూపించాల్సొచ్చింది. ఎర్రచందనం దుంగ కాదని తేలాక వాళ్ళూ నవ్వారు, నేనూ నవ్వాను. కుర్చీ మాత్రం మరుసటి రోజే మిత్రుడికి తిరిగిచ్చేశాను.

ఇదంతా విన్న మా టీమ్‌మేట్ ఒకడు "మన రోడ్ల మీద ప్రతి ఐదు కిలోమీటర్లకీ టీ కొట్టుంది, బల్ల ఉంది, నీకు కుర్చీ ఎందుకురా?" అన్నాడు. సబబైన ప్రశ్నే. ఒక్కణ్ణే వెళ్తే నేనూ కుర్చీ మొయ్యను. కానీ మా నాయన షుగరు మనిషి. ఆగిన చోటల్లా టీ తాగలేడు. తాగకుండా కొట్టువాడి బల్ల మీద పావుగంట కూర్చోవడానికి ఆయనకు మొహమాటం. కొన్ని కొట్ల ముందు ఉండేది బల్ల కాదు, జానెడు ఎత్తు రాయి. పైగా ఆయన ఆగమనేది కొట్టు దగ్గర కాదు. "ఇక్కడ ఆపు, ఈడ ఒకసారి గేరుబాక్సు పోయింది" అంటాడు. ఆ చోట ఏ కొట్టూ ఉండదు. అలాగని కుర్చీ ఉంది కదా అని ఎక్కడబడితే అక్కడ వెయ్యకండి. శేషాచలం అడవుల్లో చిరుతలున్నాయి, పలమనేరు వైపు కౌండిన్య అభయారణ్యం చుట్టుపక్కల ఏనుగులు రోడ్డెక్కుతాయి. ఘాటు దాటాక, ఊరు కనిపించే చోటే మా మజిలీలు.

చివరికి నాకు దారి చూపించింది ఏ రివ్యూ సైటూ కాదు, రైలు. జనరల్ బోగీలో తలుపు దగ్గర ఒకాయన సంచిలోంచి డబ్బా మూతలాంటిది తీసి, లాగి, తిప్పి, అంచెలంచెలుగా స్టూలు చేసుకుని కూర్చున్నాడు. చూసే ఉంటారు మీరు కూడా. ప్లాస్టిక్‌ది, మడిస్తే పళ్ళెమంత. పూర్తిగా లాగితే 45 సెంటీమీటర్లు, కావాలంటే తగ్గించుకోవచ్చు. బరువు కేజీ పైచిలుకు. నా పాత షీటులో అయితే మొదటి వడపోతలోనే పోయేది. పన్నెండు వందలు పెట్టి తెచ్చాను. అడుగు వెడల్పు కాబట్టి మెత్తటి నేలలో దిగదు. ఇంట్లో వారం రోజులు నేనే ఎక్కి దిగి పరీక్షించాను (నేను 82 కేజీలు, ఇంట్లో చెప్పకండి). తర్వాత నాయన్ని కూర్చోబెట్టి చేతులు ఆనించకుండా పదిసార్లు లేవమన్నాను. ఏడుసార్లు లేచి, "నీకేమన్నా పిచ్చా" అన్నాడు.

దాని లోపాలు దానికున్నాయి. ప్రతి అంచే తిప్పి బిగిసిందో లేదో చూసుకోకపోతే కూలబడిపోతుంది. మట్టి దూరితే కిర్రుమంటుంది, కడుక్కోవాలి. అన్నిటికంటే ముఖ్యం, వెనక్కి ఆనుకోవడానికి ఏమీ లేదు. అందుకని చెట్టుకో గోడకో దగ్గరగా వేస్తాను. ఏదీ లేకపోతే బండి పక్కన వేస్తాను, లేచేటప్పుడు క్రాష్ గార్డు పట్టుకోవచ్చు. అయితే సెంటర్ స్టాండు వేసి తీరాలి. సైడు స్టాండు మీదున్న బండిని పట్టుకుని లేస్తే ఇద్దరూ కింద పడతారు. గొట్టాల కుర్చీ ఇప్పుడు బెంగుళూరు రూములో నేను వాడుతున్నాను. దాని కాళ్ళకు మెడికల్ షాపులో చేతికర్రలకు అమ్మే రబ్బరు తొడుగులు వేశాను, జారడం తగ్గింది.

పోయిన సంక్రాంతికి మళ్ళీ బయల్దేరాం. భాకరాపేట, పీలేరు, వాయల్పాడు, మదనపల్లె. నాలుగు మజిలీలు. నాలుగు చోట్లా తనే స్టూలు లాగి తనే బిగించుకున్నాడు, నన్ను ముట్టుకోనివ్వలేదు. హార్స్‌లీ కొండ నాలుగు వేల అడుగుల పైమాటే, గాలిబండ దగ్గర ఆ సాయంత్రం చలి కొరికేస్తోంది. ఆయన మఫ్లరు చుట్టుకుని స్టూలు మీద కూర్చుని, కింద కనిపించే ఒక్కో లైటునూ ఏ ఊరో చెబుతూ పోయాడు. నేను బండ మీద కూర్చున్నాను. "పోదామా నాయనా" అని రెండుసార్లు అడిగాను. "ఉండబ్బా, మదనపల్లె బస్సు దిగేదాకా ఉండు" అన్నాడు.

వీపుకు ఊతం ఉండి, సీటు 42 దాటి, మడిస్తే 40 లోపు ఉండే కుర్చీ కోసం ఇంకా వెతుకుతూనే ఉన్నాను. మీలో ఎవరైనా అలాంటిది కొని, మీ అమ్మనో నాయననో కూర్చోబెట్టి చూసుంటే చెప్పండి. గ్రాములు మాత్రం చెప్పొద్దు.