ఏనుగుకు లేని సరిహద్దు లెక్కలకెందుకు?

రాగి కంకి ముదిరే రోజులొచ్చాయంటే హోసూరు, డెంకణికోట, తళి చుట్టుపక్కల పల్లెల్లో రాత్రిళ్లు ఫోన్లు మోగుతాయి. ''మామా, మంద చెరువు దాటింది. మీ ఊరోళ్లకు చెప్పు'' అని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి కబురు పోతుంది. ఆ కబురు తెలుగులో పోతుంది. తమిళనాడు నుంచి కుప్పానికి, కుప్పం నుంచి కోలారు జిల్లా కామసముద్రానికి పెళ్లి సంబంధాలున్న చోటల్లా పోతుంది. ప్రభుత్వ హెచ్చరిక మాత్రం రాష్ట్రం హద్దు దగ్గర ఆగిపోతుంది. అటు తమిళం, ఇటు కన్నడం. ఆఫీసులు వేరు, రిజిస్టర్లు వేరు. నడిచే ఏనుగు ఒక్కటే.

మూడు రాష్ట్రాలు కలిసే ఈ చోట ఏనుగుల సమస్య కొత్తదేం కాదు. రెండు వందల ఏళ్లకు పైగా ఏనుగన్నది కనిపించని చిత్తూరు జిల్లాలోకి 1980ల తొలి ఏళ్లలో హోసూరు, ఆనేకల్ వైపు అడవుల నుంచి మందలు దిగాయి. వాటికోసమే 1990లో కౌండిన్య అభయారణ్యాన్ని ప్రకటించారు. 2003లో రాయల ఎలిఫెంట్ రిజర్వు వచ్చింది. తమిళనాడు వైపు 2014లో కావేరి ఉత్తర అభయారణ్యం, 2022లో కావేరి దక్షిణ అభయారణ్యం ఏర్పడ్డాయి. కర్ణాటకలో బన్నేరుఘట్ట జాతీయవనం, కావేరి అభయారణ్యం అంతకు ముందు నుంచే ఉన్నాయి. మ్యాపు మీద చూస్తే ఆకుపచ్చ రంగు బాగానే కనబడుతుంది. ఆ పచ్చ ముక్కల నడుమ ఉన్న నేలే మారిపోయింది.

ఒకప్పుడు రాగి, ఉలవ తప్ప వేరే ఎరగని మెట్టపొలాల్లో ఇప్పుడు బోర్లు, టమోటా, క్యాబేజీ, గులాబీ షెడ్లు. హోసూరు చుట్టూ ఫ్యాక్టరీలు, వాటి చుట్టూ లేఅవుట్లు. ఇంకోవైపు నుంచి బెంగళూరు పెరుగుకుంటూ వచ్చి ఆనేకల్‌ను తాకింది. బన్నేరుఘట్ట చుట్టూ రక్షణగా ఉండాల్సిన సున్నిత ప్రాంతం ముసాయిదాలో దాదాపు 269 చదరపు కిలోమీటర్లు ఉంటే, 2020లో ఖరారయ్యేసరికి దాదాపు 169కి తగ్గింది. ఏనుగు తన పాతదారిలోనే వస్తోంది. ఆ దారిలో ఇల్లో, కంచో, రోడ్డో కొత్తగా వెలిసింది.

లెక్క ఎలా తీస్తున్నారు?

ఇంత మారిన నేల మీద ఏనుగుల లెక్క ఎలా తీస్తున్నారన్నది అడగాల్సిన ప్రశ్న. చాలాకాలం అడవిని బ్లాకులుగా విడగొట్టి, సిబ్బంది నడిచి, కళ్లారా చూసినవాటిని లెక్కవేసేవారు. పేడ కుప్పలను లెక్కించి అంచనా కట్టడం ఇంకో పద్ధతి. ఏనుగు రోజుకు దాదాపు 16 సార్లు పేడ వేస్తుంది. ఆ పేడ ఎన్నాళ్లకు కరిగిపోతుందో తెలిస్తే, కనబడిన కుప్పలను బట్టి ఏనుగుల సంఖ్య తేల్చవచ్చు. నీటిగుంటల దగ్గర కాపుకాసి మందలో ఆడ, మగ, పిల్ల ఎన్నో చూడడం మూడోది.

2025 అక్టోబర్‌లో డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ మరో పద్ధతిలో తీసిన లెక్క బయటపెట్టింది. అడవి బాటల వెంట 6 లక్షల కిలోమీటర్లకు పైగా నడిచి 21,056 పేడ నమూనాలు సేకరించారు. డీఎన్ఏ పరీక్షతో 4,065 ఏనుగులను విడివిడిగా గుర్తించారు. దాన్నిబట్టి దేశంలో 22,446 ఏనుగులున్నాయని అంచనా వేశారు. 2017 లెక్కలో ఈ సంఖ్య 29,964. ఏడున్నర వేల ఏనుగులు చచ్చిపోయాయా అని చాలామంది కంగారు పడ్డారు. పద్ధతి మారింది గనుక రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదని అధికారులే చెప్పారు. అది నిజమే. కానీ దీంట్లో ఒక పాఠముంది. ఎప్పుడో ఒకసారి తీసే పెద్ద లెక్క దేశానికి ఉపయోగం. ఈ రాత్రి ఏ చేను మీద ఏ ఏనుగు పడుతుందో ఆ లెక్క చెప్పదు.

దక్షిణాది రాష్ట్రాలు 2023లోనూ 2024లోనూ ఒకే రోజుల్లో కలిసి లెక్క తీశాయి. మంచి పనే. ఒకే ఏనుగును రెండు రాష్ట్రాల్లో రెండుసార్లు లెక్కించే తప్పు దాంతో తగ్గింది. అయితే ఆ లెక్క వేసవిలో మూడు రోజుల ముచ్చట. హోసూరు రైతుకు కష్టమొచ్చేది రాగి కోతలప్పుడు. బన్నేరుఘట్ట నుంచి జవళగిరి, తళి మీదుగా సానమావు దాకా మందలొచ్చేది అప్పుడే. అటు మహారాజకడై, వేపనపల్లి వైపు నుంచి కుప్పం, అక్కడి నుంచి పేర్నంబట్టు, గుడియాత్తం పొలాలదాకా తిరిగే ఏనుగులకూ మూడు రాష్ట్రాలు వాకిలీ, నడవా, పెరడూ లాంటివి.

అడవి దాటిన ఏనుగులు

ఇంకో సంగతి. ఏనుగంటే అడవిలో ఉండేదన్న ఊహ ఈ ప్రాంతంలో చెల్లదు. తుమకూరు, రామనగర, హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లో 2016-17లో పరిశోధకులు 1,445 ఫొటోల ఆధారంగా 248 మగ ఏనుగులను చెవి చిరుగు, దంతం వంపు, తోక వెంట్రుకలు చూసి ఒక్కొక్కటిగా గుర్తుపట్టారు. 2019లో ప్రచురించిన ఆ అధ్యయనం తేల్చిందేమిటంటే, అడవి పలచబడి పంటలు పెరిగిన చోట వయసులో ఉన్న మగ ఏనుగులు ఒంటరిగా తిరగడం మాని గుంపులు కడుతున్నాయి. పెద్దవాటి వెంట నడుస్తూ పగలు చెరువుల్లో, తోపుల్లో దాగి, చీకటి పడ్డాక చేలల్లోకి దిగే బతుకు నేర్చుకుంటున్నాయి. అడవిలో మాత్రమే లెక్కపెడితే ఈ ఏనుగులు ఎవరి లెక్కలోకొస్తాయి?

లెక్కలో లేని ఏనుగు విషయంలో నిర్ణయాలన్నీ గుడ్డిగానే జరుగుతాయి. ''లెక్కలెందుకయ్యా, ముందు తోలండి'' అని రైతు విసుక్కోవడంలో తప్పులేదు. ఏడాది కష్టం ఒక్క రాత్రిలో పోయినవాడి నోట ఇంకేం మాట వస్తుంది? కానీ ఏ మంద, ఎక్కడి నుంచి వచ్చింది, ఎటు పోవాలనుకుంటోంది అన్నది తెలియకుండా టపాసులు కాల్చి తోలితే ఏమవుతుందో అందరూ చూస్తున్నదే. మంద చీలుతుంది, పిల్ల ఒకవైపు తల్లి ఒకవైపు అవుతాయి. హద్దుకు అటువైపు వాళ్లు ఇటు తోలితే, ఇటువాళ్లు అటు తోలతారు. ఏడుపు మాత్రం ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మారుతుంది.

2023 మార్చిలో ధర్మపురి జిల్లా మారండహళ్లి దగ్గర పొలానికి దొంగతనంగా కరెంటు పెట్టిన కంచె తగిలి మూడు ఏనుగులు చచ్చాయి. రెండు పిల్లలు ఆ కళేబరాల చుట్టూ తిరుగుతుండడం జనం చూశారు. అదే ఏడాది జూన్‌లో పలమనేరు దగ్గర హైవే దాటుతున్న మూడు ఏనుగులు వాహనం ఢీకొని చచ్చాయి. ఏనుగులు ఎక్కడ దాటుతాయో ఆ ఊళ్లవాళ్లకు తెలుసు. ఆ తెలివి రోడ్డు వేసేవాళ్ల కాగితాల మీదికి ఎక్కాలి. ఇప్పుడు మాలూరు, వి.కోట, పలమనేరు మీదుగా బెంగళూరు-చెన్నై ఎక్స్‌ప్రెస్ హైవే కూడా వచ్చి చేరుతోంది. ఏనుగులు దాటేందుకు కింద దారి ఎక్కడుండాలో చెప్పడానికి ఏళ్ల తరబడి రాసిపెట్టిన నడక వివరాలు కావాలి.

ఇది ఒక్క హోసూరు గొడవ కాదు. 2007లో ఒడిశాలోని లఖారి అడవి నుంచి శ్రీకాకుళం జిల్లాలోకి ఏనుగులు దిగాయి. పర్లాకిమిడి వైపు వారికి ఆ సంగతి బాగా గుర్తు. 2021లో ఛత్తీస్‌గఢ్ నుంచి మహారాష్ట్రలోని గడ్చిరోలికి మంద వచ్చింది. 2024 ఏప్రిల్‌లో అటువైపు నుంచి ఒక ఏనుగు తెలంగాణలోని ఆసిఫాబాద్ జిల్లాలోకొచ్చి ఇద్దరు రైతులను చంపింది. ఏనుగును ఎన్నడూ చూడని పల్లెలవి. హద్దు అవతల ఏం జరుగుతోందో ముందే తెలిసుంటే ఆ రెండు కుటుంబాలకు ఆ గతి పట్టేది కాదేమో.

ఏం చేయాలి?

దారి లేకపోలేదు. తమిళనాడులోనే వాల్పారై టీతోటల్లో 2011 నుంచి ఏనుగు ఎక్కడుందో జనానికి ఫోను సందేశాలు పంపుతున్నారు. ఊరి దగ్గర ఏనుగుంటే ఎర్ర దీపం వెలుగుతుంది. ఆ దీపాన్ని జనమే ఫోనుతో వెలిగిస్తారు. అక్కడ మనుషుల చావులు తగ్గాయి. ప్రభుత్వాలు చేతులు కలపలేవన్న మాట కూడా నిజం కాదు. 2024 సెప్టెంబర్‌లో ఆంధ్రప్రదేశ్, కర్ణాటక ఒప్పందం చేసుకున్నాయి. 2025 మేలో నాలుగు కుంకీ ఏనుగులను కర్ణాటక ఆంధ్రకు ఇచ్చింది. ఏనుగులనే ఇచ్చిపుచ్చుకున్న ప్రభుత్వాలు వాటి వివరాలను ఇచ్చిపుచ్చుకోలేవా?

ముందుగా, బన్నేరుఘట్ట నుంచి కౌండిన్య దాకా మూడు రాష్ట్రాలకూ కలిపి ఒకే ఏనుగుల రిజిస్టర్ ఉండాలి. ఒక్కో ఏనుగుకు ఒక పేజీ, ఫొటో, గుర్తులు, ఎప్పుడు ఎక్కడ కనబడిందన్న వివరం అందులో ఉండాలి. ఏ తేదీన ఏ పంట పోయిందన్నదీ అందులోనే రాయాలి. అప్పుడు నష్టపరిహారం కోసం రైతు ఆఫీసుల చుట్టూ తిరిగి ''నిజంగా ఏనుగే తినింది సార్'' అని బతిమాలుకునే పని తప్పుతుంది.

రెండోది, ఆ రిజిస్టర్ నింపే పనిలో ఊరివాళ్లకు చోటివ్వాలి, జీతమూ ఇవ్వాలి. మంచె మీద కూర్చున్న రైతుకు ఏనుగు నడక తెలిసినంతగా కొత్తగా బదిలీ మీద వచ్చిన ఉద్యోగికి తెలియదు. మూడోది, హద్దు పల్లెలకు వచ్చే హెచ్చరిక వాళ్లకు అర్థమయ్యే భాషలో రావాలి. తమిళం, కన్నడంతోపాటు తెలుగులోనూ రావాలి. ఏనుగు గేటు దగ్గరికొచ్చాక అనువాదం వెతుక్కునే టైము ఎవరికీ ఉండదు.

ఈ మూడూ అడగాల్సింది హద్దుల్లో ఉన్న తెలుగువాళ్లే. ఎందుకంటే మూడు రాష్ట్రాల్లోనూ బంధువులున్నది వాళ్లకే. గ్రామసభల్లో, పంచాయతీ తీర్మానాల్లో, అటవీశాఖ సమావేశాల్లో ఈ మాట మళ్లీమళ్లీ వినబడాలి. ఏ జీతమూ లేకుండా, ఏ ఉత్తర్వూ లేకుండా ''మామా, మంద మీ పక్కకొస్తోంది'' అని చెప్పే ఏర్పాటు ఈ పల్లెల్లో ఎప్పటినుంచో ఉంది. దాన్ని కాగితం మీదికెక్కించి బలం చేకూర్చడమే ప్రభుత్వాలు చేయాల్సిన పని. వచ్చే రాగి కోతల్లోపు అది మొదలైతే కొన్ని చేలైనా, కొన్ని ప్రాణాలైనా దక్కుతాయి.