కుక్కచావు ఎవరి దోషము?

తెలుగునాట ఒకనిని నీచముగా నిందింపదలచినవారు "వాడు కుక్కచావు చచ్చును" అందురు. ఆ మాటకు అర్థము చెప్పనక్కరలేదు. దిక్కులేని చావు, పదిమంది చూచుచుండగా ఎవ్వరును కదలని చావు, మరునాటికి మరపునకు వచ్చు చావు. నుడికారము పాతది; వాడుక సులభము. కాని అందులో ఒక ప్రశ్న అణగియున్నది. కుక్కకు అట్టి చావు తెచ్చిపెట్టినది ఎవరు? అడవిలో తిరుగు తోడేలు మిట్టమధ్యాహ్నము నీడను వెదకికొని పడుకొనును. మనిషి పెంచిన వేటకుక్క మాత్రము యజమాని ఉసికొల్పిన దిక్కునకు నడియెండలో పరుగెత్తి, పరుగులోనే కూలిపోవును. ఈ భేదము జాతిలోనిది కాదు, విధేయతలోనిది. విధేయతవలన వచ్చిన చావునకు బాధ్యత ఆజ్ఞ ఇచ్చినవానిది కాక మరెవరిది?

ఈ ప్రశ్న చోడవరము ప్రాంతమువారికి పరాయిది కాదు. 2022 ఏప్రిల్ వరకు విశాఖపట్టణము జిల్లాలో ఉండి, నేడు అనకాపల్లి జిల్లాలో చేరిన ఈ ఊరు స్వయంభూ విఘ్నేశ్వరుని గుడికిని, చెరకునకును, బెల్లమునకును పేరు పొందినది. ఒకవైపు చెరకుతోటల మైదానము. మరియొకవైపు మాడుగుల, ఆ పైన పాడేరునకు ఎక్కు కొండదారి. ఆ కొండలలోని గిరిజనులు చైత్రమాసమున ఇటుకల పండుగ చేసికొందురు. పండుగ దినములలో మగవారు వేటకు వెడలుట పూర్వాచారము. రిక్తహస్తములతో తిరిగివచ్చినవారిని ఆడువారు పరిహసించి, పేడనీళ్లు చల్లుటయు ఆ వేడుకలో భాగమే. అది నవ్వులకొరకు పుట్టిన ఆచారము. దానిని తప్పుపట్టుట న్యాయము కాదు. కాని అందులోనుండి ఒక మాట ఆలోచింపదగినది. వేట దొరకక తిరిగివచ్చినవానిని సిగ్గుపరచు ఆచారము లోకమున అనేకచోట్ల ఉన్నది. తనతో వచ్చిన కుక్కను అడవిలో పోగొట్టుకొని తిరిగివచ్చినవానిని సిగ్గుపరచు ఆచారము ఎక్కడను కానరాదు.

వేట నేడు చట్టసమ్మతము కాదు గదా, ఈ చర్చ ఎందులకని కొందరు అడుగవచ్చును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము, దానికి 1991లో జరిగిన సవరణ, వినోదపు వేటకు ముగింపు పలికినవి. అది మేలే. అయినను కుక్క పరుగు ఆగలేదు. చెరకుతోటలో చొరబడు అడవిపందిని తరుముటకు దానిని వదలుచున్నారు. వేసవి సెలవులలో పిల్లలు పొలాల వెంట కుందేటికొరకు దానిని ఉసిగొల్పుచున్నారు. పట్టణములలో వేటకొరకే తీర్చిన లాబ్రడారు జాతి కుక్కను ముచ్చటపడి కొని, మేడమీద ఎండలో బంతి విసరి ఆడించుచున్నారు. వేట పోయినను వేటకుక్క రక్తములోని పరుగు పోలేదు. దానిని ఎప్పుడు ఆపవలెనో తెలిసిన మనిషి మాత్రము అరుదైనాడు.

ఈ చావు స్వరూపమును తెలిసికొనుటకు కుక్క శరీరధర్మమును కొంచెము ఎరుగవలెను. మనిషికి ఒడలంతయు చెమట పట్టును. ఆ చెమట ఆరుచు వేడిని తీసికొనిపోవును. కుక్కకు అరికాళ్ల మెత్తలలో తప్ప చెప్పుకోదగిన చెమట లేదు. అది నాలుక చాచి వగర్చుటవలననే చల్లబడును. నోటిలోని తడి, ముక్కులోని తడి ఆవిరియై పోవుటయే దానికి ప్రాణాధారము. పరుగెత్తు కండరము తాను ఖర్చుచేయు శక్తిలో అధికభాగమును వేడిగా విడుచును. అనగా కుక్క ఎంత వేగముగా పరుగెత్తిన, తన ఒంటిలో అంత పొయ్యి రాజుకొనును. గాలి పొడిగా ఉన్నచో వగర్పు ఆ వేడిని కొంతవరకు తీర్చును. కాని చోడవరము సముద్రమునకు బహుదూరము కాదు. ఇచ్చటి వేసవిలో ఎండ ఒక ఎత్తు, ఉక్కపోత మరియొక ఎత్తు. గాలియే తేమతో నిండియుండగా నాలుకమీది తడి ఆరుట ఎట్లు? కుక్క వగర్చుచునే యుండును. చల్లబడుట మాత్రము జరుగదు. వగర్చుటకై చేయు శ్రమయే మరికొంత వేడిని పుట్టించును. చెరకుతోట నడుమ గాలి కదలని చాళ్లలో ఈ ఆపద ఇబ్బడియగును.

కుక్క సహజముగా 38 మొదలు 39 డిగ్రీల సెంటీగ్రేడు వేడి గలది. ఆరోగ్యవంతమైన పనికుక్క గట్టి పరుగు పిమ్మట కొద్దిసేపు 41 డిగ్రీలు దాటుటయు, విశ్రాంతితో మరల దిగుటయు కద్దు. కావున అంకె ఒక్కటే రోగము కాదు. ఆ వేడిలో మెదడు తడబడుటయే వడదెబ్బకు గుర్తు. మొదట నాలుక వెడల్పై ముందుకు వ్రేలాడును. లాలాజలము చిక్కబడును, చిగుళ్లు ఎర్రనగును. ముందున్న కుక్క వెనుకబడి, పిలిచినను వినక నీడవైపు మరలును. ఇదియే చివరి హెచ్చరిక. దీనిని మొండితనమని తిట్టి మరల తరిమినవాడు దాని చావునకు సంతకము చేసినవాడే. పిదప అడుగులు తడబడుట, వాంతి, నెత్తుటి విరేచనము, మూర్ఛ క్రమముగా వచ్చును. అప్పుడు ఊరిలో పాము కరచినదనియు, దిష్టి తగిలినదనియు, ఎవరో మందు పెట్టినారనియు అందురు. పొరుగువానిమీద నింద మోపుట సులభము. మిట్టమధ్యాహ్నము గొలుసు విప్పినది తానేయని ఒప్పుకొనుట కష్టము.

కూలిన ప్రతి కుక్కయు వడదెబ్బవలననే కూలినదని అనుట కూడ పొరపాటు. లాబ్రడారు జాతిలో కొన్ని కుక్కలు, ఎండ లేని వేళను సైతము, అయిదు పదియేను నిమిషముల ఉద్రేకపు పరుగు పిమ్మట వెనుకకాళ్లు చచ్చుబడి పడిపోవును. పెక్కుమారులు అరగంటలోపుగా తేరుకొనును. దీనికి కారణమైన జన్యుదోషమును అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో కనుగొనిరి. తల్లినుండియు తండ్రినుండియు సంక్రమించిననే ఆ దోషము బయటపడును. గుండెజబ్బు మరియొక కారణము. పిడుదులు అంటించు జ్వరముతో నెత్తురు క్షీణించిన కుక్కయు పరుగులో నిలువలేదు. పాముకాటును కాదనలేము. కనుకనే ఊహతో తీర్పు చెప్పక పశువైద్యునకు చూపవలెను. కారణము ఏదైనను ఒక ధర్మము మారదు: తూలిన కుక్కను మరి ఒక్క అడుగైన పరుగెత్తింపరాదు.

ఇజ్రాయేలు పశువైద్యులు 1999 మొదలు 2004 వరకు వడదెబ్బ తగిలి తమకడకు వచ్చిన 54 కుక్కలను పరిశీలించి 2006లో ఫలితములను ప్రకటించిరి. వానిలో సగము మరణించినవి. ఆసుపత్రికి చేరిన వాని గతియే అది యైనచో, పొలముగట్టున పడిన కుక్క సంగతి చెప్పనేల? ఏలయన వడదెబ్బ ఒక్క మెదడుతో పోవునది కాదు. ప్రేగులు, మూత్రపిండములు, నెత్తురు గడ్డకట్టు శక్తి, అన్నియు దెబ్బతినును. సాయంత్రము లేచి తోక ఆడించిన కుక్క రెండవనాడు మరణించుట ఉన్నది. కావున లేచినదిగదా యని వైద్యుని మానుట తగదు.

అయితే చేతిలో ఉన్న ఉపాయము ఖరీదైనది కాదు. అది నీరు. "ముందు చల్లబరచుము, పిదప తరలించుము" అనునది నేటి పశువైద్యుల సూత్రము. కుక్కను నీడకు చేర్చి, ఒడలంతయు తడియునట్లు నీరు పోసి, విసరవలెను. వయసులో ఉన్న దృఢమైన కుక్కను చెరువులోనో తొట్టిలోనో, ముక్కు మునుగకుండ తల పట్టుకొని, దింపవచ్చును. చల్లనీరు పోసిన ప్రాణము పోవునని పలువురు భయపడి వృథాగా కాలము గడపుదురు. ఆ భయముకంటె ఆ ఆలస్యమే ప్రమాదకరము. తడిగుడ్డ కప్పి వదలివేయరాదు. అది కొంతసేపటికి వేడిని లోపలనే నిలుపును. తెలివి లేని కుక్క నోటిలో నీరు పోయరాదు. వేడి 39.5 డిగ్రీలకు దిగగానే చల్లబరచుట ఆపవలెను. తెలివిగా ఉండి వగర్చు కుక్క తానై తల నీటిలో ముంచుకొన్నచో త్వరగా చల్లబడునని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయము వారి 2024 నాటి పరిశోధన తెలుపుచున్నది.

రాకుండ చూచుకొనుట ఇంకను సులభము. వేసవిలో కుక్కను తెల్లవారకముందే పరుగెత్తించి, ఎండ ముదరకముందే కట్టివేయవలెను. నెలలతరబడి అరుగుమీద పడుకొన్న కుక్కను ఒక్కనాటితో అడవికి తీసికొనిపోరాదు. ఎండకు అలవాటు పడుటకు దానికి వారములు పట్టును. కొవ్వెక్కినది, ముసలిది, ముక్కు పొట్టిది మరింత జాగ్రత్తను కోరును. కరచునను భయముతో మూతిని త్రాటితో బిగించి ఎండలో నడిపించువారు, దానికి ఉన్న ఒక్కగానొక్క చల్లని ద్వారమును మూసివేయుచున్నామని తెలిసికొనవలెను.

మనుష్యులే ఎండలకు రాలిపోవుచుండగా కుక్కలకొరకు కన్నీరా యని ఆక్షేపించువారు కలరు. ఆక్షేపణలో బరువున్నది. 2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్‌లో వేయిమందికి పైగా వడదెబ్బకు బలియైరి; వారిలో కూలిజనమే అధికము. కాని ఈ రెండు దుఃఖములకు పోటీ లేదు. తనకై తాను పని ఆపలేని ప్రాణి ఎండలో కూలుటయే రెండుచోట్లను జరిగినది. కుక్క యజమాని కేకకు లోబడినది. కూలివాడు నాటి కూలికి లోబడినాడు. నీడ, నీరు, పనివేళల మార్పు, పడినవానిని ముందుగా చల్లబరచుట - ఇద్దరికిని మందు ఒక్కటే. కుక్క వగర్పును గుర్తించుట నేర్చిన బాలుడు రేపు కోతకూలి తూలుటను గుర్తింపకపోడు. దయకు అభ్యాసము కావలెను; అభ్యాసము ఇంటి వాకిటనే మొదలుకావలెను.

ఇచ్చట ఉపాధ్యాయుని పని కలదు. ప్రబంధములలో మృగయావర్ణనమునకు పెద్దపీట. పెద్దన మనుచరిత్రలోని స్వరోచి వేటను బోధించునపుడు సమాసముల సొంపు చెప్పి ఊరకొనక, ఆ పరుగు పిమ్మట కుక్క ఎట్లు చల్లబడునో ఒక్క నిమిషము చెప్పినచో సాహిత్యపాఠము జీవశాస్త్రపాఠమునకు చుట్టమగును. అంతకంటె గొప్ప పాఠము నన్నయ ఆదిపర్వపు మొదటనే ఉన్నది. జనమేజయుని యాగశాలకు ఆడుకొనుచు వచ్చిన సారమేయుని, ఏ తప్పును చేయకున్నను, రాజు తమ్ములు కొట్టిరి. దాని తల్లి సరమ నిండుకొలువునకు వచ్చి న్యాయము అడిగినది. నిరపరాధికి కీడు చేసినవారికి తలవని తలపుగా భయము కలుగునని చెప్పి పోయినది. అంతటి మహేతిహాసమును చెప్పబూనిన కవి ఒక కుక్కతల్లి ఫిర్యాదును ముంగిటనే నిలిపినాడు. చివర స్వర్గద్వారమున ధర్మరాజు తనతో నడచివచ్చిన కుక్కను విడిచి లోపలికి రానన్నాడు. భారతమునకు మొదటను తుదిని కుక్కయే ధర్మమునకు పరీక్షయైనది.

ఈ రెండు కథలను వినని తెలుగు విద్యార్థి ఉండడు. వేసవి సెలవుల మొదటిదినమున అతడు గొలుసు చేతపట్టుకొని వీధిలోనికి వచ్చును. కుక్క అతని ముఖము వంక చూచును. ఎటు పొమ్మన్న అటు పోవుటకు సిద్ధముగా ఉండును. అప్పుడు ఒక్కసారి నెత్తిమీది ఎండను చూచి, గొలుసును విప్పక, ముంతెడు నీరు దాని ముందు ఉంచినచో అతడు చదివిన భారతము సార్థకము.