చెయ్యి తిరగని పిల్లలు మొద్దులు కారు

మన బడుల్లో 'మొద్దు' అనే మాటకు కులం ఉంది. గుండీలు పెట్టుకోలేని, బోర్డు మీద రాసింది దించుకునేలోపే గంట కొట్టేసే, బంతి పట్టబోయి పడిపోయే పిల్ల ఆధిపత్య కులాల ఇంట్లో పుడితే డాక్టరు దగ్గరకు వెళ్తుంది. దళితవాడలో పుడితే ఆఖరి బెంచీకి వెళ్తుంది. "వాళ్లింట్లో ఎవరు చదివారు గనక" అన్న ఒక్క మాటతో బడి బాధ్యత తీరిపోతుంది.

ఈ ఇబ్బందికి వైద్యంలో పేరుంది: డెవలప్‌మెంటల్ కోఆర్డినేషన్ డిజార్డర్, వాడుకలో డిస్‌ప్రాక్సియా. ఏం చెయ్యాలో పిల్లకు తెలుసు. ఏ కదలిక ముందు, ఏది తర్వాత, ఎంత బలం పెట్టాలి అన్న లెక్క కుదరదు. చూడకుండానే తన చెయ్యి ఎక్కడుందో తెలిసే ఒంటి ఎరుక బలహీనంగా ఉంటుంది. తెలివితక్కువతనం కాదిది. డీఎస్ఎం-5 ప్రకారం 5–11 ఏళ్ల పిల్లల్లో 5–6 శాతం మందికి ఉంటుంది. అంటే 40 మంది తరగతిలో ఇద్దరికి.

ఈ పిల్లలు ఎంతగా కనపడకుండా పోగలరో అండమాన్‌లో చూడొచ్చు. 2011 జనాభా లెక్కల్లో అక్కడ నూటికి 13 మంది మాతృభాష తెలుగు. 2024లో శ్రీ విజయపురంగా పేరు మార్చిన పోర్ట్ బ్లెయిర్ దగ్గరి బ్రూక్షాబాద్‌లో ఇలాంటి ఒక తెలుగు దళిత పిల్ల ఉందనుకోండి. అండమాన్‌కు షెడ్యూల్డ్ కులాల జాబితాయే లేదు. సొంత రాష్ట్రంలోని ఎస్సీ, ఎస్టీ హోదా వలస వెళ్లిన చోట చెల్లదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాగితం మీద కులం లేనంత మాత్రాన బడిలో లేకుండా పోదు.

రెండో కాగితం వైకల్య ధ్రువపత్రం. 2016 వికలాంగుల హక్కుల చట్టం డిస్‌ప్రాక్సియాను పేరుపెట్టి చెప్పింది, కానీ భాషను గ్రహించడంలో లోపాల కింద చేర్చింది. చక్కగా చదివి, చెప్పగలిగి, రాతకు మాత్రం చెయ్యి సహకరించని పిల్ల ఆ నిర్వచనంలో ఇమడటం కష్టం. ఇమిడినా రిజర్వేషన్‌కు 40 శాతం గీత దాటాలి.

"ముందు సర్టిఫికెట్ తెండి" అనే అధికారులకు నా జవాబు ఆ చట్టంలోనే ఉంది. అభ్యసన వైకల్యాలను వీలైనంత త్వరగా గుర్తించి తగిన బోధన అందించాల్సింది బడులేనని సెక్షన్ 16 చెబుతోంది. అందులో 40 శాతం షరతు లేదు. పరీక్షలో లేఖకుడి సాయానికీ ఆ షరతు పెట్టకూడదని 2021లో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఖర్చు సాకూ చెల్లదు. పిల్లకు ఏ పని రావాలో ఆ పనినే సాధన చేయించాలని 2019 అంతర్జాతీయ మార్గదర్శకాలు సూచించాయి. లక్ష్యం పెట్టుకో, పథకం వేసుకో, చేసి చూడు, సరిచూసుకో: కెనడాలో రూపొందిన ఈ పద్ధతికి కావాల్సింది యంత్రాలు కాదు, పిల్ల ఇంటి భాషలో ఓపిగ్గా మాట్లాడే శిక్షణ పొందిన మనిషి.

ఐదేళ్లకోసారి బడి పిల్లల సర్వే చేయాలని సెక్షన్ 17 అంటోంది. నేను అడిగేది ఇదే: అండమాన్ పాలనా యంత్రాంగం ఆ సర్వేలో కదలికల ఇబ్బందులనూ లెక్కించాలి, తెలుగు పిల్లలను తెలుగులోనే పరీక్షించాలి. మన విద్యార్థి సంఘాలు ఈ డిమాండును రిజర్వేషన్ డిమాండు పక్కనే నిలబెట్టాలి. ప్రతిభ పేరుతో మనవాళ్లను ఏరిపారేసే పని యూనివర్సిటీ గేటు దాకా ఆగడం లేదు. రెండో తరగతి నోటుపుస్తకం దగ్గరే మొదలవుతోంది.