మార్కు తగ్గితే

“అమెరికాలో మా అమ్మాయికి ఆర్గానిక్ కెమిస్ట్రీలో సి మైనస్ వచ్చింది. డాక్టరీ ఆశ వదులుకోవలసిందేనా?” అని ఒక సోదరి అడిగారు.

అక్కర్లేదమ్మా. అక్కడ చాలా మెడికల్ కాలేజీలు ఇటువంటి సబ్జెక్టుల్లో కనీసం ‘సి’ ఉండాలంటాయి కనుక మళ్ళీ చదవక తప్పదు. అయితే దరఖాస్తు లెక్కల్లో కొత్త మార్కుతోపాటు పాతదీ కలుస్తుంది, చెరిగిపోదు. అందుచేత తొందరపడవద్దు. ఎక్కడ పొరపాటు జరిగిందో ముందు ప్రొఫెసరునే అడిగి తెలుసుకోమనండి.

నేనూ బి.ఎస్సీ.లో కెమిస్ట్రీ తప్పినదాన్నే. సమీకరణాలు బట్టీపట్టానే గాని, ఎలక్ట్రాన్లు ఎటు కదులుతాయో ఏనాడూ కాగితంమీద గీసి చూడలేదు. గీయడం మొదలుపెట్టాకే గట్టెక్కాను. ఫలితాలు వచ్చిననాడు మా నాన్నగారు ఒక్కమాట అనలేదు, అన్నం తినమన్నారు. మీరూ ఫోను చేసినప్పుడు, అమ్మాయి భోంచేసిందో లేదో ముందు అడగండి.