అరవైవేల యూనిట్ల అభ్యుదయం

"ఆస్పత్రి వైద్యం కంపెనీల వైద్యం, ఆహారమూ విటమిన్లూ ప్రజల వైద్యం." యీ మాట నేను ఐరాలలో వొక ఉపాధ్యాయ మిత్రుని నోట విన్నాను. ఆయన యిరవై యేళ్ళుగా సంఘంలో పనిచేస్తున్నవాడు, చందా పుస్తకం పట్టుకొని యిల్లిల్లూ తిరిగినవాడు. అందుకనే జవాబు చెప్పవలసివస్తున్నది. యే బాబాగారి శిష్యుడో అని వుంటే నేను పట్టించుకొనేవాణ్ణి కాను.

ఆయన వాదం యిది. కీళ్ళవాతం, షుగరు, రక్తపుపోటు, సోరియాసిస్, యీ దీర్ఘవ్యాధులన్నిటికీ మూలం వొక్కటే: డి విటమిన్ లోటూ, తప్పుడు తిండీ. అన్నం మాని, పెద్ద మోతాదులో డి విటమిన్ మింగితే ఆస్పత్రి గడప తొక్కనక్కర లేదు. దోపిడీని యెదిరించే మార్గం కూడ యిదేనట!

దోపిడీ వున్నదనటంలో నాకు పేచీ లేదు. ఆవునో, కయ్యనో అమ్ముకొని వైద్యానికి వేలూరుకో తిరుపతికో వెళ్ళివచ్చిన కుటుంబాలు యీ ప్రాంతంలో కొల్లలు. అయితే అమ్మేవాడు దోపిడీదారు గనుక మందే అబద్ధమనటం, వడ్డీవ్యాపారి లెక్క కడతాడు గనుక గణితమే అబద్ధమన్నట్టుంటుంది. పైగా ఆ అరవైవేల యూనిట్ల గుళిక ఐరాల చెరువుగట్టున మొలవలేదు. అదీ కంపెనీ సరుకే.

మిత్రుడు యేర్పాటుచేసిన వొక ఉపన్యాసానికి మా వీధి ముసలమ్మ కూడ వెళ్ళింది. చెరకు కొట్టి, చెనక్కాయలు పెరికి, మోకాళ్ళు అరగదీసుకొన్న మనిషి. "నాకు ఎండ చాల్లేదంట నాయనా! నేను పుట్టినప్పటినుంచి నీడన కూచునింది ఎప్పుడు?" అని నన్నడిగింది. నవ్వి వూరుకొన్నాను. ఆ నవ్వుకు యిప్పుడు సిగ్గుపడుతున్నాను. వారానికొకటి చొప్పున కొన్ని వారాలు మాత్రమే వేసుకోవలసిన గుళికను ఆమె రోజుకొకటి చొప్పున రెండు నెలలు మింగింది. యెక్కువైతే యింకా మంచిదని ఉపన్యాసకుడు చెప్పాడు మరి. దాహం, వాంతులు, మలబద్ధం, చివరకు మాట తడబాటు. రక్తంలో కాల్షియం మితిమీరి మూత్రపిండాల మీద పడింది. ఆమెను మళ్ళీ ఆస్పత్రి గడప తొక్కించింది ఆ "ప్రజల వైద్య"మే. డి విటమిన్ కొవ్వులో నిలవుండేది కనక, గుళికలు మానిన తర్వాత కూడ ఆమె తేరుకోవటానికి నెలలు పట్టింది.

ముసలమ్మ అడిగిన ప్రశ్న తెలివితక్కువ ప్రశ్న కాదు. దానికి జవాబు మన తిరుపతిలోనే వెతికారు. డాక్టర్ సి.వి. హరినారాయణ్, ఆయన సహచరులు తిరుపతి పరిసరాల ప్రజలను పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. పట్నవాసుల కన్న పల్లెవాసుల రక్తంలో డి విటమిన్ మెరుగ్గా వున్నది. పల్లెల్లో లోటున్నవారు లేరని కాదు. కాని పొలం పనీ, ఎండా తమ పని తాము చేస్తూనే వున్నవి. తిరుపతి ఎండలో పగలు పదకొండుకూ రెండుకూ మధ్య చర్మం ఆ విటమిన్ను బాగా తయారుచేసుకొంటుందని 2013లో మరొక పరిశోధన చూపించింది. అది మన కూలీలు పొలంలో వుండే వేళే.

మరి పల్లెవాసులకు కరువైనదేమిటి? కాల్షియం. పట్నంలోనూ తిండిలో అది చాలదు. పల్లెలో యింకా తక్కువ. పైగా ధాన్యంలోని ఫైటేటు వున్న కాస్త కాల్షియాన్నీ వొంటికి పట్టనివ్వదు. కాల్షియం కరువైతే శరీరం డి విటమిన్ను త్వరత్వరగా ఖర్చు చేసుకొంటుంది. అంటే కుండకు చిల్లి వున్నది. మన మిత్రులు కుండ సంగతి వదిలి నీళ్ళు పోస్తున్నారు.

భారీ మోతాదుల వైద్యం కొత్తదీ కాదు. 1930, 40లలో అమెరికాలో కీళ్ళవాతానికి రోజుకు లక్షల యూనిట్లు పోశారు. రోగులు విషమించటంతో మానుకొన్నారు. మన కాలంలో బ్రెజిలు వైద్యుడు కోయింబ్రా దాన్ని మల్టిపుల్ స్క్లెరోసిస్ వంటి జబ్బులకు మళ్ళీ తెచ్చాడు. ఆయన పద్ధతిలో రోగి పాలూ పెరుగూ మానాలి, లేకుంటే కాల్షియం ముంచుతుంది. పాలు యెరగని కూలికి పాలు మానమని చెప్పే వైద్యం యిది!

పరీక్షలు యేమన్నవి? 25,871 మందితో జరిపిన అమెరికా పరీక్షలో రోజుకు 2,000 యూనిట్లు గుండెజబ్బునూ కాన్సరునూ ఆపలేకపోయినవి. షుగరు అంచున వున్న 2,423 మందికి రోజుకు 4,000 యూనిట్లిచ్చి చూసిన 2019 పరీక్షలోనూ నమ్మదగిన మేలు తేలలేదు. ఆస్ట్రేలియాలో వృద్ధ స్త్రీలకు యేడాదికొకమారు 5 లక్షల యూనిట్లిస్తే, పడటాలూ యెముకలు విరగటాలూ తగ్గకపోగా పెరిగినట్టు 2010లో తేలింది. మేలు కనిపించిన చోట్లూ వున్నవి: మల్టిపుల్ స్క్లెరోసిస్ తొలిదశలో కొంత ప్రయోజనం వున్నదని 2025లో ఫ్రాన్సు వైద్యులు చూపించారు. మంచిదే. అది వైద్యుల అజమాయిషీలో, పోలికకు మరొక బృందాన్ని పెట్టుకొని తేల్చిన సంగతి. ఐరాల ఉపన్యాసంలో పోల్చటానికి యెవరున్నారు? బాగుపడినవాడు వేదిక యెక్కుతాడు, చెడినవాడు యింట్లో పడుకొంటాడు.

యిక తిండి. వీరమాచనేని రామకృష్ణగారి పద్ధతి 2017, 18 ప్రాంతాల ఆంధ్ర, తెలంగాణలను వూపింది. అన్నం బంద్, రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొబ్బరినూనె వగైరా కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ళు, మల్టీవిటమిన్ మాత్రలు. పిండిపదార్థం తగ్గితే రక్తంలో చక్కెర తగ్గుతుంది, కాదనను. కాని పుట్టుషుగరు బిడ్డ ఇన్సులిన్ మానితే చస్తుంది. 2024-25లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. అందులో కుటుంబమంతా తినాలి. యీ పథ్యం యెవరి వంటింటిని చూసి రాశారో అడగనక్కర లేదు.

వందగ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం, తెల్లబియ్యంలో పది. రాగుల్లోనూ ఫైటేటు వున్నది, అయితే మొలకెత్తిస్తే, అంబలిగా పులియబెడితే తగ్గుతుందని మన అవ్వలకు పేరు తెలియకుండానే తెలుసు. యీ సంగటి మన కంచాల్లో యెందుకు తరిగిపోయింది? మెట్టచేలు చెనక్కాయకూ మామిడితోపుకూ పోయినవి. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చి ఆకలి తీర్చింది. దాన్ని తక్కువచేసేవాణ్ణి నేను కాను, ఆ బియ్యం తిన్నవాణ్ణే. కాని బియ్యంతోబాటు రాగులు కూడ చౌకదుకాణంలో యివ్వాలని ఆనాడు మనం గట్టిగా అడగలేదు. చిత్తూరు సహకార డెయిరీ 2002లో మూతపడింది. పాలు ప్రైవేటు డెయిరీల కాన్లలోకి పోయినవి. ఆవులు కాచే పిల్లవాడు మాత్రం యింట్లో నల్ల టీ తాగుతున్నాడు. పెద్దలకు రోజుకు వెయ్యి మిల్లీగ్రాముల కాల్షియం కావాలని 2020లో ఐ.సి.ఎం.ఆర్. నిర్ణయించింది. యే కంచంలోనుంచి?

యీ ప్రశ్న వేయటానికి సభలు జరగాలి, అర్జీలు రాయాలి, అధికారులతో తగవుపడాలి. గుళికకు అవేవీ అక్కర లేదు. దాని ఆకర్షణ అదే. సమాజంలో వున్న కొరతను రోగి వొంట్లోకి తోసి, నయం కాకపోతే "నువ్వు పథ్యం సరిగా చేయలేదు" అనే సౌలభ్యం కూడ వున్నది. మా ముసలమ్మతో సరిగ్గా ఆ మాటే అన్నారు.

మిత్రుడు ఆ ఉపన్యాసకుణ్ణి మళ్ళీ పిలుస్తానంటున్నాడు. పిలవనీయండి. యీమారు ముందువరుసలో నేనూ ముసలమ్మా కూర్చుంటాము. ఆమె రక్తపరీక్ష కాగితాలు నా దగ్గిర వున్నవి.