ఆరోగ్యవిషయములు: కంచెయే చేను మేసినచో



మా పినతల్లి కుమార్తె యిటీవల మాయింట పదిదినములుండెను. ఆమెకు ముప్పదియెనిమిదేండ్లు. నిద్ర లేచిన పిమ్మట గంటకుపైగా వ్రేళ్ళు ముడువజాలదు. గంజి వార్చుటకు గిన్నె పట్టజాలదు. ప్రొద్దెక్కినకొలది పట్టు సడలును. దీనిని జూచియే అత్తవారు “పనివేళకే నొప్పులు వచ్చునా?” యని రెండేండ్లు ఆక్షేపించిరట! తుదకు వైద్యుడు రుమటాయిడ్ కీళ్ళవాతమని నిర్ణయించెను.

ఇది క్రిమి యేదియో చొరబడి కీళ్ళను దినుటచే గలుగునది కాదు. మన నెత్తుటిలో తెల్లకణములు కాపలా కాయుచుండును. వానిలో టీ కణములు ఎముకల మూలుగలో బుట్టి, రొమ్ముటెముక వెనుకనున్న థైమస్ గ్రంథిలో శిక్షణ పొందును. తనవారిపైననే తిరుగబడు వానిని ఆ గ్రంథి చాలవఱకు రూపుమాపును. బడిపంతులుగారి భార్యనయ్యు నింత కఠినమైన పరీక్ష నేనెన్నడును వినలేదు. అయినను కొన్ని తప్పించుకొని వచ్చును.

వీనిలో సహాయక టీ కణములు ప్రధానముగా సైటోకైనులను పదార్థములద్వారా ఇతరకణములకు ఆజ్ఞలంపును. ఇవి రెండు తెగలని 1986లో మోస్‌మన్, కాఫ్‌మన్ అను శాస్త్రజ్ఞులు చిట్టెలుకల కణములందు జూపిరి. 2005లో టీహెచ్-17 అను మఱియొక తెగ వేఱుగా గుర్తింపబడెను. గాయపడిన వ్రేలు ఎఱ్ఱబడి వాచుట మన రక్షణకే. కాని ఆజ్ఞ యాగక కీళ్ళపై మరలినచో, లోపొర వాచి, మృదులాస్థియు ఎముకయు క్రమముగా క్షీణించును.

మఱి ఆపువారెవరు? నియంత్రక టీ కణములు. వీనిని 1995లో జపానుదేశీయుడగు సకగుచి చూపెను. 2025లో ఆయనకును, అమెరికావారగు బ్రంకో, రామ్స్‌డెల్ గార్లకును నోబెల్ బహుమానము లభించెను. బ్రంకో స్త్రీ యని వ్రాయక నా కలమాగలేదు.

ఈ వ్యాధి పురుషులకంటె స్త్రీలకు రెండుమూడింతలు అధికము. గర్భకాలమున పలువురికి తగ్గి, ప్రసవానంతరము తిరుగబెట్టును. కావున కీళ్ళు వాచి బిగిసినచో బాలింతనొప్పులని ఉపేక్షింపరాదు. శీఘ్రముగా చికిత్స మొదలిడిన కీళ్ళను చాలవఱకు కాపాడవచ్చును. ఇందు తఱచుగా నిచ్చు మెథోట్రెక్సేట్ వారమునకొక్కదినమే పుచ్చుకొనవలయును. పొరపాటున నిత్యము మ్రింగినచో ప్రాణాపాయము. గర్భము ధరింపగోరువారు ముందుగనే వైద్యునకు దెలుపవలెను.

మా చెల్లెలు ఆదివారములకు పంచాంగమున ఎఱ్ఱగీటు పెట్టుకొన్నది. మందు మొదలిడి నాలుగుమాసములైనది. నిన్నటి జాబు స్వహస్తముతోనే వ్రాసినది. అక్షరములు కొంచెము వంకరగా నున్నవి.